ఆమ్లం, క్షారం కలిపి ఉప్పు తీయడం: ఒక్క చుక్క దగ్గరే అంతా

హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు, క్షారంలోని హైడ్రాక్సైడ్ అయాన్లు కలిసి నీరవుతాయి. మిగిలిన సోడియం, క్లోరైడ్ అయాన్లే మన ఉప్పు. కలపడం తేలికే, సరిగ్గా సరిపోయిన చోట ఆపడమే కష్టం.

1 గ్రాము సోడియం హైడ్రాక్సైడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి 250 మి.లీ. చేస్తే సుమారు 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) ద్రావణం వస్తుంది. సుమారు ఎందుకంటే, ఆ బిళ్లలు తూచేలోపే గాలిలోని తేమ పీల్చుకుంటాయి. కచ్చితమైన గాఢత కావాలంటే గాఢత ముందే తెలిసిన ఆక్జాలిక్ ఆమ్ల ద్రావణంతో సరిచూసుకోవాలి. ఆమ్లానికైతే 37 శాతం గాఢ ఆమ్లం 2.1 మి.లీ. తీసి, ముందే సగం నీళ్లు పోసిన ఫ్లాస్కులో వేసి 250కి నింపాలి. ఆమ్లం మీద నీళ్లు పోయకండి, చిమ్ముతుంది. కళ్లద్దాలు, గ్లోవ్స్ తప్పనిసరి.

బ్యూరెట్‌ను (కింద కుళాయి, పక్కన కొలత గీతలు ఉండే గాజు గొట్టం) క్షార ద్రావణంతోనే కడగాలి, ఆమ్లం పోసే కానికల్ ఫ్లాస్క్‌ను మాత్రం ఉత్త నీళ్లతో. దాన్నీ ఆమ్లంతో కడిగితే లెక్కలోకి రాని ఆమ్లం లోపల మిగిలిపోతుంది. గరాటుతో బ్యూరెట్‌లో క్షారం నింపి, మొనలో గాలి బుడగ లేకుండా చూసి, గరాటు తీసేయాలి.

పిపెట్‌తో (కచ్చితమైన కొలత తీసే గాజు గొట్టం) 20 మి.లీ. ఆమ్లం ఫ్లాస్కులోకి తీసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేయండి. ఇది ఆమ్లంలో రంగు లేకుండా, క్షారంలో గులాబీగా కనిపించే సూచిక. బ్యూరెట్ నుంచి క్షారం వదిలితే, అది పడిన చోట గులాబీ రంగు మెరిసి, ఫ్లాస్క్ తిప్పగానే పోతుంది. పోవడానికి సమయం పడుతోందంటే దగ్గరికొచ్చినట్టే, ఇక చుక్క చుక్కగా వదలాలి. లేత గులాబీ 30 సెకన్లు నిలిస్తే ఆపేయండి. ఆ తర్వాత రంగు వెలిసినా కంగారు పడి మరో చుక్క వేయొద్దు, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయారు, ఆ రీడింగ్ (బ్యూరెట్ నుంచి ఖర్చైన క్షారం కొలత) పక్కన పెట్టాలి. వరుసగా రెండు రీడింగులు 0.1 మి.లీ. లోపు కలిసేదాకా మళ్లీ చేయాలి.

క్షారం 0.098 మోలార్, రీడింగ్ 20.4 మి.లీ. అనుకుంటే, ఆమ్లం గాఢత 0.098 × 20.4 ÷ 20, అంటే 0.1 మోలార్.

ఉప్పు కోసం ఫినాఫ్తలీన్ లేకుండా అంతే క్షారం, అంతే ఆమ్లం కలిపి పింగాణీ గిన్నెలో సన్నమంట మీద ఇగర్చండి. కొంచెం నీరుండగానే మంట తీసేయాలి, లేదంటే ఉప్పు చిటపటలాడి ఎగురుతుంది. వచ్చేది 0.12 గ్రాములే, గిన్నె అడుగున తెల్లని పొరలా కనిపిస్తుంది. రుచి మాత్రం చూడకండి: ఆమ్లం ఎక్కువైతే ఆవిరిలో పోతుంది గానీ, ఎక్కువైన క్షారం ఉప్పులోనే ఉండిపోతుంది.