మొక్కజొన్న ఆకులో కార్బన్ ఎక్కడికి చేరుతుందో ఇంట్లోనే చూడటం ఎలా?

విశాఖ ఆర్కే బీచ్ దగ్గర బొగ్గుల మీద కాల్చి అమ్మే మొక్కజొన్న పొత్తుల్లోని పిండిపదార్థానికి కావాల్సిన కార్బన్ మట్టిలోంచి రాదు. గాలిలోంచి ఆకుల్లోకి వస్తుంది. లోపల అది ఎక్కడ చేరుతుందో చూడటానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, ఒక భూతద్దం చాలు.

మేడ మీద ఒక కుండీలో మొక్కజొన్న, ఇంకో కుండీలో అలసంద గింజలు నాటండి. మూడు నాలుగు వారాల్లో ఆకులు పనికొస్తాయి. బాగా ఎండ కాసిన రోజు సాయంత్రం మూడు, నాలుగు గంటలకు రెండింటి నుంచీ చెరో ఆకు కోయండి. పొద్దున్నే కోస్తే పిండి ఉండదు.

ఆకు ముక్కల్ని మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీయండి. ఇప్పుడు స్టవ్ ఆపేయండి. ఇది మర్చిపోవద్దు, స్పిరిట్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, ఒక గ్లాసులో సర్జికల్ స్పిరిట్ పోసి, ముక్కల్ని అందులో వేసి, గ్లాసును వేడినీళ్ల గిన్నెలో ఉంచండి. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. పచ్చరంగు స్పిరిట్‌లోకి దిగిపోయి ఆకు పాలిపోతుంది. మొక్కజొన్నకు ఎక్కువసేపు పడుతుంది, ఒకసారి స్పిరిట్ మార్చాల్సి రావచ్చు.

ముక్కల్ని గోరువెచ్చని నీళ్లలో కడిగి, నీళ్లు కలిపి పలచన చేసిన టింక్చర్ అయోడిన్‌లో ఐదు నిమిషాలు ఉంచండి. పిండి ఉన్నచోటు అయోడిన్ తగిలి నల్లబడుతుంది. తర్వాత మళ్లీ కడిగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని భూతద్దంలోంచి చూడండి. అలసంద ఆకు అంతటా నల్లబడుతుంది. మొక్కజొన్న ఆకులో మాత్రం ఈనెల వెంబడే నల్లటి గీతలు పడతాయి, వాటి మధ్య సందులు పాలిపోయే ఉంటాయి. ఎంత చక్కగా ఉంటాయో ఆ చారలు!

ఎందుకలా? మొక్కజొన్న ఆకులో, పత్రరంధ్రాల (ఆకు మీది సన్నటి రంధ్రాల) గుండా వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మొదట పత్రాంతర కణాల్లోని (ఈనెల మధ్య ఉండే ఆకు కణాల్లోని) పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ పట్టుకుంటుంది. దాంతో నాలుగు కార్బన్‌ల ఆమ్లం తయారవుతుంది. అది ఎక్కువగా మాలిక్ ఆమ్లంగా మారి, కణాల మధ్య ఉండే సన్నటి దారుల్లోంచి ఈనెల చుట్టూ తొడుగులా ఉన్న కణాల్లోకి వెళ్తుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. మిగిలిన మూడు కార్బన్‌ల పైరూవిక్ ఆమ్లం మరో విడత మోయడానికి వెనక్కి వెళ్తుంది.

మొక్కజొన్నలో అసలు చక్కెర తయారీ మొదలుపెట్టే రూబిస్కో అనే ఎంజైమ్ ఉండేది ఈ తొడుగు కణాల్లోనే. అందుకే పిండి కూడా ఈనెల వెంబడే చేరి గీతల్లా కనబడుతుంది. ఎండ వేడికి రూబిస్కో కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడం ఎక్కువవుతుంది, మొక్కకు అది నష్టం. దాని చుట్టూ కార్బన్ డయాక్సైడ్ దండిగా చేరితే ఆ పొరపాటు బాగా తగ్గుతుంది. ఈ మోతకు అదనంగా శక్తి ఖర్చవుతుంది నిజమే, కానీ మన విశాఖ మే నెల ఎండలో శక్తికి కొరతేముంది? ఈ రవాణా మార్గాన్ని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు ఆకుల్లో వివరించారు.

చారలు సరిగా రాకపోతే ఆకులో ఇంకా పచ్చరంగు మిగిలి ఉందేమో చూడండి. మబ్బు రోజుల్లో కోసిన ఆకులతోనూ అవి తేలిగ్గా కనబడవు, మంచి ఎండ వచ్చేదాకా ఆగడమే మేలు.