బంతిపూలు ఎండబెట్టి కోళ్ల దాణాలో కలపడం ఎలా?

దసరా, దీపావళి దాటాయంటే బంతిపూలను అడిగే నాథుడుండడు. పెరట్లో కోళ్లున్నవాళ్లు వాటిని ఎండబెట్టుకుంటే దాణాలోకి పనికొస్తాయి. గుడ్డు సొనకు పసుపు రంగునిచ్చే పదార్థాలను కోడి తనంతట తాను తయారుచేసుకోలేదు, తిండిలోంచే అందాలి. బంతి రేకుల్లో ల్యూటిన్ అనే అలాంటి పసుపు రంగు పదార్థం దండిగా ఉంటుంది. కానీ చాలామంది చేసే పద్ధతి చూస్తే ఒళ్లు మండుతుంది. పూలు తెచ్చి డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పోస్తారు, రెండ్రోజులకు గోతంలో కుక్కేస్తారు. పైన రంగు వెలిసిపోతుంది, లోపల బూజు పడుతుంది.

మందు కొట్టని పూలే తీసుకోండి. గుమ్మానికి కట్టిన దండలు, పూజలో పసుపు కుంకుమలు పడ్డవి వద్దు. ముదురు నారింజ రంగు ముద్దబంతి అయితే మేలు. మంచు ఆరాక కోయండి. కింద పచ్చటి తొడిమను ఒక చేత్తో పట్టుకుని రేకులన్నీ గుప్పిట్లోకి తీసుకుని లాగితే ఒక్కసారే ఊడొస్తాయి. తొడిమ పారేయండి, తడంతా దాంట్లోనే దాక్కుంటుంది.

నవారు మంచం మీద పాత నూలు చీర పరిచి, రేకులు ఒకదాని మీద ఒకటి పడకుండా పలుచగా జల్లండి. నీడ ఉండాలి, గాలి ఆడాలి. ఎండలో త్వరగా అయిపోతుంది కదా అంటారు, నిజమే, రంగు కూడా అంతే త్వరగా పోతుంది. డ్రయర్ల గొడవ నాకు నచ్చదు. ఫ్యానున్న గదిని మించింది లేదు. పూటకోసారి చేత్తో కలపండి.

ఇక అందరూ బోల్తా పడేది ఇక్కడే: ఎండాయో లేదో తేల్చుకోవడం. రేకు కొస ముందే ఎండి గరగరలాడుతుంది, దాన్ని చూసి అయిపోయిందనుకుంటారు. కొస కాదు, రేకు మొదట్లో తెల్లగా సన్నగా ఉండే భాగాన్ని వేళ్లతో విరవండి. పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

విరిగినా సరే, వెంటనే డబ్బాకెత్తొద్దు. ఒక గుప్పెడు గాజు సీసాలో వేసి మూత బిగించి రాత్రంతా ఉంచండి. పొద్దున సీసా లోపల చెమ్మ కనిపించినా, రేకులు మెత్తబడినా మొత్తం సరుకు మళ్లీ మంచమెక్కాల్సిందే. ముసురు పట్టిన రోజుల్లో ఎండిన రేకులు కూడా గాలిలో తేమ పీల్చుకుంటాయి కాబట్టి ఆ రోజుల్లో డబ్బాకెత్తే పని పెట్టుకోకండి.

ఇంత చాదస్తం ఎందుకంటే బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, బాతులకైతే మరీ ప్రమాదం. బూజు దులిపేసి మళ్లీ ఎండలో పెట్టినా విషం పోదు. పోనీ గేదెకు వేద్దామా అంటే పాలలోకి వస్తుంది. ముక్కిన వాసన వచ్చిందా, మొత్తం పారేయండి, బేరాల్లేవు.

గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని చోట దాచండి. పొడి ముందే కొట్టి పెట్టుకోవద్దు, రంగు తగ్గుతుంది. వారానికి సరిపడా నలుపుకుంటే చాలు. నేను కిలో దాణాకు 5 గ్రాములు వేస్తాను, 10 దాటనివ్వను. సుమారు 10 రోజులకు సొన రంగు తేలుతుంది. మారేది రంగే, గుడ్డులో మాంసకృత్తులేమీ పెరిగిపోవు. నూకలు, తెల్లజొన్నలు పెట్టేవాళ్లకు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పసుపు రంగు మొక్కజొన్న బాగా పెట్టేవాళ్లు ఇందులో సగం వేసుకున్నా సరిపోతుంది.