ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజన్‌ను చిత్తూరు ఎండలకు తగ్గట్టు కట్టుకునే విధానం

1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోని 1489 సీసీ ఇంజన్, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన పెట్రోల్ ఇంజన్ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబానికి చెందినవి. రెండింటికీ బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 73.025 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9 మిల్లీమీటర్లు. అందువల్ల తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా దీనిని చూసి బెదిరే పాతకాలపు మేస్త్రీ ఉండడు. అయితే ఆ చనువుతోనే చిక్కు కూడా వస్తుంది: టాక్సీ ఇంజన్‌కు సరిపోయిన ఉజ్జాయింపు కొలత, 5,000 ఆర్‌పీఎం దాటి తిరగవలసిన ఇంజన్‌కు సరిపోదు.

ఇంజన్‌ను పూర్తిగా విప్పి, బ్లాకులోని ఆయిల్ గ్యాలరీల (ఆయిల్ పారే దారుల) ప్లగ్గులన్నీ తీయించిన తరువాతే కడిగించండి. నేను మొదటిసారి కట్టినప్పుడు ఆ ప్లగ్గులు రాలేదని వదిలేశాను. లోపల మిగిలిన రజను 600 కిలోమీటర్లకే కొత్త బేరింగులను గీతలు పెట్టి పాడు చేసింది.

ప్రతి సిలిండర్‌నూ బోరు గేజితో పైన, మధ్యన, కింద, రెండు దిక్కులలో కొలిచి రాసుకోవాలి. అరుగుదల ఎక్కువగా ఉంటే 40 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు నలభై, పెంచి బోరింగ్ చేయించవచ్చు. అప్పుడు ఇంజన్ 1531 సీసీ అవుతుంది. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరింగుకు ఇవ్వండి, ఎందుకంటే పిస్టన్‌కు, సిలిండర్‌కు మధ్య ఎంత సందు ఉంచాలన్నది ఆ పిస్టన్ తయారీదారు చెప్పిన కొలతను బట్టి ఉంటుంది. సిలిండర్‌లో పెట్టినప్పుడు పిస్టన్ రింగు రెండు కొసల మధ్య సందు 12 థౌ దగ్గర ఉండాలి. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఈ క్రాంకుకు మెయిన్ బేరింగులు మూడే కాబట్టి, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు ఒకే బరువుకు తెచ్చి, క్రాంకును ఫ్లైవీల్, క్లచ్ కవరుతో కలిపి బ్యాలెన్సింగ్ చేయించడం తప్పనిసరి. దగ్గరలో ఆ యంత్రం దొరకకపోతే చెన్నై దాకా వెళ్లి రావడానికి బద్ధకించకండి. బిగింపులో మెయిన్ బేరింగులకు 70, బిగ్ ఎండ్‌లకు (కనెక్టింగ్ రాడ్లు క్రాంకును పట్టుకునే చోట్లకు) 35, సిలిండర్ల పైమూత అయిన హెడ్డుకు 50 పౌండ్-అడుగులు అన్నవి మాన్యువల్ లెక్కలు. వాటిని టార్క్ రెంచితోనే పాటించాలి.

అసలు బలం పుట్టేది హెడ్డులో. ఇందులో నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ పోర్టులు (గాలి, పెట్రోల్ లోపలికి వచ్చే దారులు) రెండే. ఒకటి, రెండు సిలిండర్లు ఒకదానిని, మూడు, నాలుగు మరొకదానిని పంచుకుంటాయి. ఫైరింగ్ వరుస 1-3-4-2 కావడం వల్ల పక్కపక్క సిలిండర్లు ఒకదాని వెంట ఒకటి గాలి లాగుతూ, ఒకదాని వాటాను మరొకటి కాజేస్తాయి. అందుకే వాల్వులను మరీ ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసు క్యామ్ ఈ ఇంజన్‌కు రోడ్డు మీద అచ్చిరాదు. మధ్యస్థమైన క్యామ్ చాలునని నా అభిప్రాయం. పోర్టులను విశాలం చేయాలన్న ఆశను కూడా అదుపులో పెట్టుకోవాలి. వాల్వు సీటుకు కింది భాగాన్ని, వాల్వు కాడను పట్టి ఉంచే గైడు చుట్టూ ఉన్న అడ్డును నునుపు చేస్తే ప్రయోజనంలో చాలా భాగం దక్కుతుంది. అంతకు మించి గీకితే అవతల ఉన్నది నీటి జాకెట్టు. వాల్వు సీట్లు అరగకుండా కాపాడిన సీసం కలిపిన పెట్రోల్ 2000లోనే దేశమంతటా ఆగిపోయింది కాబట్టి, ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీటు రింగులు వేయించండి.

కంప్రెషన్‌ను, అంటే పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్నదానిని, ఊహించకూడదు, కొలవాలి. హెడ్డులో పెట్రోల్ మండే ఛాంబరును గాజులాంటి ప్లాస్టిక్ పలకతో మూసి, చిన్న రంధ్రం గుండా సిరంజితో కిరసనాయిలు నింపితే దాని ఘనపరిమాణం తెలుస్తుంది. 1531 సీసీ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 383 సీసీ; 9:1 నిష్పత్తి రావాలంటే ఛాంబరు, గ్యాస్కెట్, పిస్టన్ పైన మిగిలిన చోటు అన్నీ కలిపి దాదాపు 48 సీసీ ఉండాలి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లలో 9 దగ్గరే ఆగడం మంచిది. ఆ పైన నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి పేలడం) మొదలైతే పిస్టన్‌కు చేటు.

వాల్వు సందులు సరిచేసేటప్పుడు తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి, అంటే రెండు వాల్వుల అంకెలు కలిపితే తొమ్మిది రావాలి: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది సరిచేయాలి. రేడియేటరులో బోరునీళ్లు పోయకండి, గార పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి వాడండి. ఎథనాల్ కలిసిన పెట్రోల్‌కు తట్టుకునే కొత్త గొట్టాలు వేయండి.

మొదటిసారి స్టార్టు చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా క్రాంకును తిప్పాలి. స్టార్టయ్యాక ఐడిల్‌లో వదలకుండా, కొత్త క్యామ్ కోసం ఇరవై నిమిషాలు 2,000 ఆర్‌పీఎం పైన నడపాలి. ఆయిల్ జింకు ఎక్కువున్న పాత రకానిదై ఉండాలి. 500 కిలోమీటర్ల తరువాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్డు బిగింపు, వాల్వు సందులు మళ్లీ చూసి, ఆయిల్ మార్చండి. అప్పుడు చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాటు ఎక్కించి, పైన పక్కకు ఆపి, ఇంజన్ చల్లారాక ప్లగ్గులు విప్పి చూడండి: పింగాణీ తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువైనట్లు, నల్లగా మసిగా ఉంటే ఎక్కువైనట్లు, లేత ఇటుక రంగులో ఉంటే కార్బురేటర్ జోలికి వెళ్లనవసరం లేనట్లు.