ఎండల్లో స్క్రబ్బర్ బెడ్ మార్చేటప్పుడు

బాయిలర్‌కు వెళ్లే బయోగ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ బెడ్‌ను, అంటే స్క్రబ్బర్ ట్యాంకు లోపలి వడపోత పొరను, మా ప్లాంటులో ఏటా మే నెల షట్‌డౌన్‌లోనే మారుస్తాం. అనంతపురంలో అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ పనికి ఇంతకంటే చెడ్డ నెల లేదు, కానీ షట్‌డౌన్ తేదీ మన చేతిలో ఉండదు కదా.

వాడేసిన బెడ్‌లో ఐరన్ సల్ఫైడ్ ఉంటుంది. గాలి తగిలితే అది వేడెక్కుతుంది, తడి ఆరితే దానంతటదే అంటుకుంటుంది. చెక్కపొట్టుకు పట్టించిన రకమైతే మరీను. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, తీసిన బెడ్‌ను బాయిలర్ కోసం పోసిన వేరుశనగ పొట్టు కుప్ప పక్కనే పారబోశాం. పొద్దున పోస్తే భోజనాల వేళకు పొగ లేచింది. సల్ఫర్ డయాక్సైడ్ ఘాటుకు గొంతులు పట్టేశాయి. ట్యాంకర్ తెప్పించి ఆర్పాం.

అందుకే మూత తీసేముందే పైనుంచి నీళ్లు పట్టి బెడ్‌ను బాగా నానబెట్టండి. తెల్లవారుజామునే మొదలుపెట్టండి. తీసినదాన్ని కుప్ప పోయకుండా, పొట్టుకూ గోనెసంచులకూ దూరంగా సిమెంటు నేల మీద పల్చగా పరిచి, వేడి పూర్తిగా తగ్గేదాకా తడుపుతూ ఉండండి.

ఇక హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ సంగతి. వాల్వు కట్టేశాం కదా అనుకోవద్దు, వాల్వులు కారతాయి. లైనుకు బ్లైండ్ ప్లేటు, అంటే దారిని పూర్తిగా మూసే పలక, వేయాల్సిందే. కుళ్లిన గుడ్డు వాసన పోతే గ్యాస్ పోయిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు) దగ్గర ముక్కే మొద్దుబారిపోతుంది! 500 దాటితే మనిషి నిమిషాల్లో కూలబడతాడు. డిటెక్టర్‌ను టెస్ట్ గ్యాస్‌తో చూసుకుని కాలర్ దగ్గర తగిలించుకోండి, జేబులో కాదు. 10 పీపీఎంకు అలారం మోగితే పని వదిలేసి బయటికి రండి. ఇది గాలికంటే బరువు, గుంతల్లో నిలుస్తుంది. ఆక్సిజన్ 19.5 శాతం లోపుంటే లోపలికి దిగొద్దు.

లోపల ఒకడు పడిపోతే వెంటనే దూకేది పక్కనున్నవాడే, రెండో ప్రాణం అతనిదే పోతుంది. మూతికి తడి టవల్ కడితే ఈ గ్యాస్ ఆగదు. దిగే మనిషికి ఎయిర్ సిలిండర్ మాస్కు, బెల్టు, తాడు ఉండాలి. తాడు పట్టుకుని పైన ఇద్దరు కదలకుండా నిలబడాలి. ఉక్కపోతకు మాస్కు తీసేసినవాళ్లను చూశాను కాబట్టి ఇరవై నిమిషాలకొకసారి మనిషిని మార్చండి, నీడలో మజ్జిగ పెట్టించండి.