కలలో మంచం కనబడితే ఏం చేయాలి

సోంపేట దగ్గర ఒక చిన్న పల్లెలో మా ఆయన సంఘ కాపరి. శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన నేను నడిపిస్తాను. ప్రార్థన ముగిశాక చాపలు చుట్టే వేళకు ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగేది ఎక్కువగా కలల గురించే. "అమ్మగారూ, రాత్రి కలలోన మంచం అగుపడింది. ఏటవుద్ది?" అంటారు. అడిగే మనిషి గొంతులో భయం తెలిసిపోతుంది. మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు చూడని చుట్టరికం మా వైపు తక్కువ. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి పోయి, నాలుగేసి గంటలు బెడ్డు మీద ఉండి వచ్చే వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అలాంటి చోట మంచం కలలోకి వస్తే ఎవరికైనా గుండె జారుతుంది. వాళ్లతో కూర్చున్నప్పుడు నేను ఏం చేయిస్తానో ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

లేచిన వెంటనే ఎవరికీ చెప్పకండి. ముందు రాసుకోండి. దానియేలు ఏడో అధ్యాయం మొదటి వచనం చూడండి. ఆయన పడక మీద ఉండగా కల వచ్చింది, దాని సంగతి క్లుప్తంగా రాశాడు. మనమూ అదే చేద్దాం. పిల్లల పాత నోటు పుస్తకం చాలు. కల కుళాయి దగ్గరికి చేరిందంటే నలుగురి భయాలూ అందులో కలిసిపోతాయి, ఇక మీరు కన్నదేదో వాళ్లు చేర్చిందేదో మీకే తెలియదు. ఏ మంచం అన్నది రాయండి: నులకదా, నవారుదా, ఆసుపత్రి ఇనప బెడ్డా. ఎవరిది, ఎక్కడుంది, మీద ఎవరున్నారు, పక్క పరిచి ఉందా లేదా, మెలకువ వచ్చేసరికి మీ మనసెలా ఉంది. అర్థం మాత్రం ఇప్పుడే రాయొద్దు.

తర్వాత నిన్నటి రోజు గుర్తు చేసుకోండి. విస్తారమైన పనిపాటుల వలన స్వప్నం పుడుతుందని ప్రసంగి ఐదో అధ్యాయం చెబుతుంది. దీన్ని చాలామంది దాటేసి నేరుగా దర్శనం దాకా వెళ్లిపోతారు. ఒక చెల్లెమ్మ వచ్చింది, కలలో నులక మంచం గోడకు నిలబెట్టి ఉందట, తాళ్లన్నీ వదులై వేలాడుతున్నాయట. ఇంట్లో పెద్దావిడ ఇది చావుకు సూచన అని అనేసింది. భర్తకు డయాలసిస్ నడుస్తోంది, ఇక ఈమె అన్నం ముట్టలేదు. నిన్న ఏం చేశావమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి, ఆయన పడుకునే మంచం కుంగిపోతుంటే కాళ్ల వైపు కొబ్బరి తాడు విప్పి బిగించానంది. అరచేతులు చూపించింది, బొటనవేలి మొదట్లో తాడు ఒరిపిడికి తోలు లేచి ఎర్రగా ఉంది. ఆ చేతుల పనే రాత్రి కలలోకి వచ్చింది. ఆమె ఏడ్చింది, నేను ఆపలేదు. తర్వాత ఇద్దరం ఆయన పేరు చెప్పి ప్రార్థన చేశాం.

నిన్నటి పనిలో జవాబు దొరకకపోతే అప్పుడు బైబిలు తెరవండి. తెరిచే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. లేఖనాల్లో కలలు చాలా ఉన్నాయి. యోసేపు కలలో పనలు, నక్షత్రాలు, ఫరో కలలో ఆవులు, వెన్నులు, యాకోబుకు నిచ్చెన, నెబుకద్నెజరుకు ప్రతిమ, చెట్టు, మిద్యాను వాడికి గుడారం మీదికి దొర్లిన యవల రొట్టె. మంచం కలలోకి వచ్చి, దానికి ఫలానా అర్థం అని చెప్పిన చోటు ఒక్కటీ లేదు. మంచం అక్కడ కల వచ్చే స్థలం. మంచం మీద కునుకు వేళ, గాఢనిద్రలో దేవుడు మనిషి చెవి తెరుస్తాడని యోబు 33లో ఉంది. కాబట్టి మంచమంటే చావు, పరుపంటే పెళ్లి, దిండంటే డబ్బు అని ఎవరైనా జాబితా చదివితే ఏ అధ్యాయం, ఏ వచనం అని మర్యాదగా అడగండి.

జాబితా లేదంటే వాక్యంలో మంచమే లేదని కాదు, బోలెడు ఉంది. మీరు రాసుకున్నదాన్ని ఆ ఘట్టాల పక్కన పెట్టి చదవండి.

కలలో ఎవరో జబ్బుతో మంచం మీద ఉంటే నేను మార్కు రెండో అధ్యాయం చదివిస్తాను. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, గుంపు వల్ల లోపలికి దారి లేక ఇంటికప్పు విప్పి పరుపుతో సహా దించారు. యేసు వాళ్ల విశ్వాసం చూశాడని అక్కడ రాసి ఉంది. కలలో వేరొకరు మంచం మీద కనబడితే ఆ మనిషికి ఏమవుతుందో అని వణకకుండా, ఆ నలుగురిలో నేనొకదాన్ని కావాలా అని ప్రభువును అడగండి. మా దగ్గర దీనికి చేతిపని చాలా ఉంటుంది. పలాస దాకా తోడు వెళ్లడం, ఆటో ఖర్చు పంచుకోవడం, తల్లి డయాలసిస్‌లో ఉన్న పూట పిల్లలకు అన్నం పెట్టడం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, కొంత దూరాభారం తగ్గింది. అయినా ఒంటరిగా పోయి ఒంటరిగా వచ్చే ముసలివాళ్లు బస్సులో ఇంకా కనబడుతూనే ఉంటారు.

మీరే మంచం ఎత్తుకుని నడిచినట్టు కల వస్తే? ఇది జాగ్రత్తగా చదవండి. యోహాను ఐదులో 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్నవాడితో ప్రభువు నీ పరుపెత్తుకుని నడువమన్నాడు. అపొస్తలుల కార్యములు తొమ్మిదిలో ఎనిమిదేళ్లు మంచం పట్టిన ఐనెయతో నీ పరుపు నీవే పరచుకొమ్మని పేతురు అన్నాడు. ఇలాంటి కల ధైర్యాన్నిస్తుంది, దేవునికి స్తోత్రం చెప్పండి. కానీ మా సంఘంలో ఒక తమ్ముడు అలాంటి కల కని, నాకు స్వస్థత అయిపోయింది, ఇక డయాలసిస్‌కి వెళ్లను అన్నాడు. ఆ రోజు మా ఆయనా నేనూ వాళ్లింట్లోంచి కదల్లేదు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులను ప్రభువు ఏమన్నాడు? వెళ్లి మిమ్మల్ని యాజకులకు కనబరచుకొమ్మన్నాడు. చూసి చెప్పేవాళ్ల దగ్గరికి ఆయనే పంపాడు. నువ్వూ వెళ్లు, రక్తపరీక్ష చేయించు, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో డాక్టరు చూసి ఆపమంటే అప్పుడు ఆపు అన్నాం. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు నిలుస్తుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఏ కలను బట్టీ మందు మానొద్దు, డయాలసిస్ వాయిదా వేయొద్దు. అతను వెళ్లాడు, ఇప్పటికీ వెళ్తున్నాడు, ఆదివారం ముందు వరసలో కూర్చుంటాడు.

తడిసిన పడక కనబడితే ఆరో కీర్తన చదవండి. దావీదు కన్నీళ్లతో తన పరుపు తేలిపోయిందంటాడు. దేవుడు ఆ ఏడుపు విన్నాడని అదే కీర్తన చివర్లో ఉంది. పొట్టి మంచం, కాళ్లు చాపుకోలేని మంచం అయితే యెషయా 28:20. నమ్మకూడనిదాన్ని నమ్ముకున్న యెరూషలేము పెద్దల గురించి అన్న మాట అది. చీటీ డబ్బో, వడ్డీకి తెచ్చిన అప్పో, ఎవరో ఇప్పిస్తానన్న ఉద్యోగమో, దేని మీద ఆనుకుని ఉన్నారో చూసుకోండి.

గోడవైపు తిరిగి పడుకున్న మనిషి కనబడితే నాకు అహాబు రాజు గుర్తొస్తాడు. నాబోతు ద్రాక్షతోట ఇవ్వనన్నాడని మంచం మీద పడుకుని, ముఖం తిప్పుకుని, భోజనం మానేశాడు. మంచాల మీద పడుకుని చెడు ఆలోచించి తెల్లారగానే చేసేవాళ్ల గురించి మీకా రెండో అధ్యాయం హెచ్చరిస్తుంది. మా వైపు అన్నదమ్ముల మధ్య జీడితోట గట్టు తగవు లేని ఇల్లు వెతకాలి. అలాంటి కల వచ్చిందని చెబితే ముందు భూమి సంగతే అడుగుతాను.

భార్యాభర్తల మంచం గురించిన కలను పదిమందిలో చెప్పకండి. పానుపు నిష్కల్మషంగా ఉండాలని హెబ్రీ 13:4 చెబుతుంది. వేరే మనిషి కలలోకి వచ్చిందని భర్తను నిలదీసిన ఇల్లాళ్లను చూశాను. కల సాక్ష్యం కాదు. దాన్ని పట్టుకుని ఎవరి మీదా నింద వేయొద్దు.

భయపెట్టేంత పెద్ద మంచం కనబడిందని ఒక పిల్ల చెప్పింది. ద్వితీయోపదేశకాండం మూడో అధ్యాయంలో ఓగు రాజు ఇనప మంచం ఉంది, తొమ్మిది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు. ఆ కొలతలు రాసేనాటికి ఓగు ఓడిపోయాడు, మంచమే మిగిలింది. పిల్లకు ఆ కథ బాగా నచ్చింది.

మంచం మీద ఉండగా ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టు, కదలలేనట్టు, అరవలేనట్టు అనిపించడం మరో సంగతి. ఒళ్లు ఇంకా నిద్రలో ఉండగానే మెదడు మేలుకుంటే అలా అవుతుంది. నిద్ర తక్కువైనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. యేసు నామం తలుచుకోండి, నెమ్మదిగా ఊపిరి తీయండి, వేలి కొస కదిలించండి. దయ్యం పట్టిందని ఎవరి చేతా కొట్టించుకోకండి.

డబ్బు మాట ఒకటి. పక్క ఊరి తల్లి ఒకామె మంచం కల చెబితే, ఆ శాపం విరగాలంటే కానుక ఇవ్వాలని ఒక బోధకుడు అన్నాడట. చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. భావాలు చెప్పడం దేవుని అధీనమని యోసేపు చెరసాలలో అన్నాడు. గోడ మీది రాత చదవడానికి ముందే దానియేలు బెల్షస్సరు రాజు బహుమానాలు వద్దన్నాడు. కల అర్థానికి రుసుము అడిగిన మనిషి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. దేవుని మాట అయితే అది వాక్యానికి ఎదురు పోదు, గద్దించినా చేయవలసిన పని చూపిస్తుంది, క్రీస్తు దగ్గరికి నడిపిస్తుంది. ఊరికే వణికించి వదిలేసేదాన్ని నేను పట్టించుకోను. ధాన్యముతో చెత్తకు ఏమి సంబంధమని యిర్మీయా 23 అడిగింది కలల గురించే.

అదే కల మళ్లీ మళ్లీ వస్తుంటే నమ్మకమున్న ఒక్కరికి చెప్పండి, గుంపుకు కాదు. పడుకునే ముందు ఫోను పక్కన పెట్టి నాలుగో కీర్తన పైకి చదవండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించండి, అది విశ్వాసం తక్కువై కాదు. కల రాసుకున్న పేజీ కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలి, ఆ వారం ఏం చేశారో అక్కడ రాయండి: పలాస ఎవరితో వెళ్లారు, తమ్ముడితో తోట గట్టు గురించి మాట్లాడారా, రిపోర్టులో ఏముంది. శుక్రవారం వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చుకోండి.