కడప ఎండల్లో మిద్దె మీద పూలు పెంచుకుని సాయంత్రాలు హాయిగా గడపడం ఎట్లా?

మే నెలలో సాయంత్రం ఆరున్నరకి మా మిద్దె ఎక్కితే బండలు ఇంకా అరికాళ్ళు కాలుస్తుంటాయి. రెండు బకెట్ల నీళ్ళు చల్లి పది నిమిషాలు ఆగండి, ముందు తడిసిన బండ వాసన వస్తుంది, అది తగ్గేలోపే మల్లె వాసన మొదలవుతుంది, ఇంక ఆ పూట కిందికి దిగబుద్ధి కాదు. ఈ ఎండల్లో మొక్క బతకడమే గగనం, పూలు యాడ పూస్తాయి అని మా బంధువుల్లోనే శానామంది అంటారు. పూస్తాయి, ఎండాకాలమే బాగా పూసే మొక్కలు మనకి ఉన్నాయి, కాకపోతే మన సీమలో తోటని చూడాల్సింది సాయంత్రం నాలుగు తర్వాత. ఆ లెక్కన మొక్కలు ఎంచుకుంటే కష్టం సగం తగ్గుతుంది, కడప అయినా కర్నూలు అయినా అనంతపురం అయినా ఇదే మాట.

1. ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో చూసి మొక్కలు తెచ్చుకోండి

పొద్దున కోసం నాచు పూలు చాలు, నర్సరీలో టేబుల్ రోజ్ అంటారు. చిటికెన వేలంత కొమ్మ తుంచి మన్నులో గుచ్చితే వేరు పట్టుకుంటుంది, ఎండ తగిలాక విచ్చుకుని మధ్యాహ్నం దాటినాక ముడుచుకుంటాయి. సాయంత్రం నాలుగు, ఐదు గంటలకి చంద్రకాంత. పొద్దు గూకేటప్పుడు రాధామనోహరం, ఏడు గంటల ప్రాంతంలో మల్లె, ఇంకా రాత్రయ్యాక రేరాణి. ఇట్లా ఒకదాని తర్వాత ఒకటి వచ్చేట్టు పెట్టుకుంటే రోజంతా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది.

రాధామనోహరం గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. ఒకే గుత్తిలో తెలుపు, గులాబి, ఎరుపు మూడు రంగులు కనిపిస్తాయి కదా, అవి మూడు రకాల పూలు కాదు. ఈ సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వే రేపటికి గులాబి రంగు తిరిగి ఆ తర్వాత ఎర్రబడుతుంది, కావాలంటే ఒక పువ్వుకి దారం కట్టి మూడు రోజులు చూడండి, పిల్లలకి చూపిస్తే ఇంక వాళ్ళు వదలరు. ఈ తీగని పడమటి గోడకి పాకించండి, గది లోపల వేడి కూడా బాగా తగ్గుతుంది.

ఎండకి అసలు జంకనివి కాగితం పూలు, అడీనియం, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు. కాగితం పూలకి నీళ్ళు ఎక్కువైతే ఆకే వస్తుంది, కాస్త ఎండగడితేనే రంగు వస్తుంది. కనకాంబరం మటుకు పడమటి ఎండ తగలని చోట పెట్టండి. గన్నేరు, అడీనియం పాలు విషం, చంద్రకాంత గింజలు కూడా కడుపులోకి పోకూడదు, చిన్న పిల్లలు, మేకలు ఉన్న ఇళ్ళల్లో వీటిని అందని చోట పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో గులాబీలు మాత్రం తేవద్దు, ఒక ఏడాది నర్సరీలో నీడ పట్టున నిండా పూలతో ఉన్న ఆరు మొక్కలు చూసి ఆగలేక తెచ్చి మిద్దె మీద పెట్టినాను, పదిహేను రోజుల్లో ఆరూ పోయినాయి.

2. కుండీ కింద ఏముందో చూడండి

నేను అన్నిటికంటే ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఇది. మా మిద్దె మీద పరిచింది కడప బండలే, నల్లవి, మధ్యాహ్నం వాటి మీద చెప్పులు లేకుండా నాలుగు అడుగులు వెయ్యలేం. మొదటి ఏడాది కుండీలన్నీ నేరుగా బండ మీదే పెట్టి పొద్దున సాయంత్రం నీళ్ళు పోస్తూనే ఉన్నాను, అయినా మే రెండో వారానికి మల్లె ఆకులు అంచుల నుంచి మాడిపోయినాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పోసినాను. చివరికి ఒక కుండీ బోర్లించి చూస్తే పైన వేర్లు తెల్లగా బాగానే ఉన్నాయి, అడుగున బండకి ఆనుకున్న వైపు వేర్లు మాత్రం ఉడికించిన సేమ్యా లాగా మెత్తబడి గోధుమ రంగులో ఉన్నాయి, పట్టుకుంటే తోలు ఊడి వస్తాంది. పైన ఎండ కాదు, కింద బండ చంపుతా ఉండింది.

అప్పటి నుంచి ప్రతి కుండీ కింద మూడు ఇటుకలు పెడుతున్నాను, బండకీ కుండీకీ మధ్య గాలి ఆడాలి, అంతే. నల్ల ప్లాస్టిక్ కుండీలు ఉంటే బయట గోనెసంచి చుట్టండి, లేదా సున్నం పూయండి. కుండీలు దూరం దూరంగా కాకుండా గుంపుగా పెట్టండి, పెద్దవి పడమటి వైపు, చిన్నవి వాటి నీడలో. మట్టి కుండీలు దొరికితే ఇంకా మంచిది, మల్లెకి 12 నుంచి 14 అంగుళాలు తక్కువ కాకుండా చూసుకోండి.

3. మన్ను

రెండు పాళ్ళు ఎర్రమన్ను, ఒక పాలు బాగా చివికిన దిబ్బ ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి. కర్నూలు పక్క నల్లరేగడి ఉన్నవాళ్ళు ఇసుక ఇంకొంచెం ఎక్కువ కలపాలి, లేకుంటే ఎండకి బిగుసుకుని నెర్రెలు ఇస్తుంది. పచ్చి పేడ వెయ్యొద్దు, వేడి చేస్తుంది. పైన రెండు అంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరచండి, మన అనంతపురం, కడప పక్క మిల్లుల దగ్గర సులభంగా దొరుకుతుంది, మన్ను తడి శానా సేపు నిలుస్తుంది. చెదలు వస్తాయేమో అని భయం ఉంటే పొట్టు కింద వేపపిండి చల్లండి, కాండానికి మాత్రం పొట్టు ఆనకూడదు.

4. మల్లెకి చలికాలంలోనే పని మొదలుపెట్టాలి

ఎండాకాలం వచ్చినాక మల్లె మొక్కని ఎంత బతిమాలినా లాభం లేదు. మల్లె పూసేది కొత్త చిగురు మీద, ఆ కొత్త చిగురు రావాలంటే డిసెంబర్‌లో నీళ్ళు బాగా తగ్గించి మొక్కని కొంచెం వాడనివ్వాలి, ఆకు కొంత రాలనివ్వాలి, సంక్రాంతి అయిపోయినాక మోకాలెత్తుకి కత్తిరించి మిగిలిన ఆకు దూసేసి చుట్టూ మన్ను గుల్ల చేసి ఎరువు వేసి అప్పుడు నిండుగా నీళ్ళు పెట్టాలి. మా జేజి వాళ్ళ ఊర్లో మల్లెతోటలోకి గొర్రెల్ని తోలేవాళ్ళంట, ఆకు అవి మేసేస్తాయి, పెంటికలు ఎరువుకి పడతాయి. మనకి మిద్దె మీద గొర్రెలు లేవు కాబట్టి చేత్తో దూసుకోవాలి. కత్తిరించేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, మొదటిసారి నేను సగం కొమ్మలు వదిలేసినాను, వదిలినవాటికి ఆకే వచ్చింది, కత్తిరించినవాటికి మార్చిలో మొగ్గ వచ్చింది.

మార్చి, ఏప్రిల్‌లో నెలకి రెండుసార్లు చెనక్కాయ చెక్క (నూనె ఆడించినాక మిగిలే పిప్పి) నానబెట్టిన నీళ్ళు పోయండి. 100 గ్రాముల చెక్క ఐదు లీటర్ల నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, ఆ తేట ఒక మగ్గుకి పది మగ్గుల నీళ్ళు కలిపి పోయాలి. వాసన ఘోరంగా ఉంటుంది, చుట్టాలు వచ్చే రోజు పెట్టుకోకండి. విచ్చుకున్న పూలు కోసుకుంటా పోవాలి, ఒక విడత అయిపోయినాక కొమ్మ కొసలు కొంచెం తుంచితే మళ్ళీ చిగురేసి మొగ్గ తొడుగుతుంది.

5. నీళ్ళు

పొద్దున ఏడు లోపల, మళ్ళీ ఎండ దిగినాక. 12 అంగుళాల కుండీకి మేలో నేను పొద్దున రెండు లీటర్ల దాకా పోస్తాను, సాయంత్రం వేలు రెండు కణుపులు మన్నులో దింపి చూసి ఆరి ఉంటేనే ఇంకో లీటరు. మధ్యాహ్నం ఆకు వాలినంత మాత్రాన పరిగెత్తి నీళ్ళు పోయక్కరలేదు, ఎండ తగ్గినాక శానా మొక్కలు వాటంతట అవే లేస్తాయి, అప్పటికీ లేవకపోతేనే దాహం.

ఇంకొకటి, సాయంత్రం పైపు తిప్పగానే వచ్చే మొదటి నీళ్ళు చేయి పెడితే కాలుతాయి, మిద్దె మీద ట్యాంకు నీళ్ళూ అంతే, అవి నేరుగా మొక్కకి పట్టొద్దు. ముందు ఆ నీళ్ళు బండల మీద చల్లేయండి, మిద్దె చల్లబడుతుంది. పొద్దున వాడేదానికి రాత్రే బకెట్లు నింపి పెట్టుకోండి.

మన బోరు నీళ్ళల్లో ఉప్పు ఎక్కువ, కుండీ అంచున తెల్లగా పేరుకునేది అదే. నెలకి ఒకసారి ఒక్కో కుండీకి అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్ళు పోస్తే ఆ ఉప్పు కొట్టుకుపోతుంది. ఆర్‌వో మిషన్ నుంచి బయటికి వచ్చే నీళ్ళు వృథా ఎందుకులే అని మొక్కలకి పోస్తుంటారు, ఉప్పంతా వాటిల్లోనే ఉంటుంది, బండలు కడగడానికి వాడుకోండి.

నేలలో మల్లె ఉన్నవాళ్ళు పక్కన ఒక చిన్న మట్టికుండని మెడదాకా పాతి నీళ్ళు నింపి మూకుడు మూయండి, నీళ్ళు మెల్లగా ఊరుతుంటాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వాన పడే అనంతపురంలో ఇంతకంటే పొదుపైన పద్ధతి నాకు కనపడలేదు.

6. పురుగు

మల్లె మొగ్గ వంకాయ రంగు తిరిగి రాలుతుంటే విప్పి చూడండి, లోపల సన్నటి పురుగు ఉంటుంది. అట్లాంటి మొగ్గలన్నీ ఏరి పారేసి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి పొద్దు గూకినాక కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. మందారానికి పిండినల్లి వచ్చినా ఇదే. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి బూజు కనిపిస్తే అది ఎర్రనల్లి, పొద్దున పూట ఆకుల కింది వైపు నీళ్ళు జోరుగా చిమ్మితే శానావరకు పోతుంది.

7. రోహిణి కార్తెలో ఏమీ చెయ్యొద్దు

మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, ఆ పక్షం రోజులు కుండీ మార్చొద్దు, కత్తిరించొద్దు, ఎరువు వెయ్యొద్దు. కనకాంబరం, మందారం మీద గ్రీన్ నెట్ కట్టండి, మల్లెకి అక్కరలేదు.

8. కోసుకోండి, కూర్చోండి

మల్లెలు కోయాల్సింది సాయంత్రం నాలుగు, ఐదు మధ్య. మొగ్గ పచ్చదనం పూర్తిగా పోయి పాలలాగా తెల్లబడి కొస ఉబ్బి ఉంటే ఆ రాత్రికే విచ్చుకుంటుంది, కొంచెం పచ్చగా ఉన్నది రేపటికి వదిలేయండి. కోసినవి తడిగుడ్డలో చుట్టి పెట్టి పని అయినాక మాల కట్టుకోండి, దారం కంటే తడిపిన అరటినార అయితే తొడిమ తెగదు. మా ఇంట్లో మూర కట్టే వరకు మాటలు నడుస్తుంటాయి, మా అత్తమ్మ చూడకుండానే రెండు అటు రెండు ఇటు పెట్టి ముడేస్తుంది. మందు కొట్టని మొగ్గలు నాలుగు తాగే నీళ్ళ కుండలో వేస్తే పొద్దునకి నీళ్ళు కమ్మగా ఉంటాయి.

మిద్దె మీద పడుకునేవాళ్ళు గాలి యాడ నుంచి వస్తుందో చూసి ఆ వైపు మల్లె కుండీలు జరపండి, మంచం కదిలించక్కరలేదు. రేరాణి మాత్రం పది అడుగుల దూరంలో ఉండాలి, దగ్గర పెట్టుకుంటే తల పట్టేస్తుంది.

జూన్‌లో తొలివాన పడినాక కనకాంబరం ఎండు కాయలు తడిసి టపటపమని పేలి గింజలు చిమ్ముతాయి, వానకి ముందే కొన్ని కోసి డబ్బాలో వేసుకోండి. చంద్రకాంత గింజలు మిరియాల్లాగా నల్లబడి వాటంతట అవే కింద రాలుతాయి, ఏరి కాగితంలో పొట్లం కట్టి తేదీ రాసి పెట్టుకోండి, ఫిబ్రవరిలో మళ్ళీ నాటుకోవచ్చు. మా వీధిలో నాలుగిళ్ళల్లో ఇప్పుడు మా గింజల చెట్లే ఉన్నాయి.