సినిక్ ‘ఫోకస్’ వినడం ఎలా: గ్రౌల్ అంటే పారిపోయేవాళ్లకీ, వోకోడర్ అంటే చిరాకుపడేవాళ్లకీ

డెత్ మెటల్‌లో (రాక్‌లో బాగా కరుకైన రకం) జాజ్ కలిపిన మయామీ బ్యాండ్ సినిక్ 1993 సెప్టెంబరులో రోడ్‌రన్నర్ కంపెనీ ద్వారా విడుదల చేసిన ‘ఫోకస్’లో ఉన్నవి ఎనిమిదే పాటలు. మొత్తం కలిపి 36 నిమిషాలు. ఇంత చిన్న ఆల్బమ్‌ని కూడా చాలామంది రెండో పాట దాటకుండా ఆపేస్తారు. డెత్ మెటల్ అలవాటున్నవాళ్లు ‘ఈ రోబో గొంతేంటి’ అంటారు, లేనివాళ్లు ‘ఈ అరుపులేంటి’ అంటారు. ఆ రోబో గొంతు వోకోడర్ అనే పరికరం పని, ఆ అరుపులే గ్రౌల్. ఇద్దరూ తమకు నచ్చే సగం కోసం ఎదురుచూస్తూ మిగతా సగాన్ని భరిస్తుంటారు. కానీ ఈ ఆల్బమ్ రుచి ఆ సగంలోనూ లేదు, ఈ సగంలోనూ లేదు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాట మారే ఆ క్షణంలో ఉంది. కింద చెప్పేదంతా ఆ అతుకుల్ని చెవికి పట్టించే పద్ధతే.

ముందు కొంచెం నేపథ్యం. గిటార్ వాయిస్తూ వోకోడర్‌లోంచి పాడే పాల్ మాస్విడాల్, డ్రమ్మర్ షాన్ రైనర్ట్ ఈ ఆల్బమ్‌కి రెండేళ్ల ముందే ‘డెత్’ అనే బ్యాండ్ ఆల్బమ్ ‘హ్యూమన్’ (1991)లో వాయించారు. అంటే డెత్ మెటల్ చేతకాక జాజ్ వైపు వెళ్లినవాళ్లు కాదు. రెండో గిటార్ జేసన్ గోబెల్, బేస్ షాన్ మలోన్, గ్రౌల్ చేసింది టోనీ టీగార్డెన్. రికార్డింగ్ టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో, ఇంజనీర్ స్కాట్ బర్న్స్‌తో. ఫ్లోరిడా డెత్ మెటల్‌కి అప్పట్లో ఆ స్టూడియో, ఆ మనిషి దాదాపు పుట్టిల్లు. 1992 ఆగస్టులో వచ్చిన ఆండ్రూ తుపాను వల్ల పని వెనకబడింది. ఆల్బమ్ వచ్చాక 1994లో వీళ్లని అచ్చమైన డెత్ మెటల్ బ్యాండ్ కానిబాల్ కార్ప్స్‌తో కలిపి టూర్‌కి పంపారు. ఆ బ్యాండ్ కోసం వచ్చిన జనానికి వోకోడర్ గొంతు ఎక్కలేదంటే ఆశ్చర్యమేముంది! అదే ఏడాది బ్యాండ్ విడిపోయింది.

ఏ వెర్షన్ వినాలి

మూడు దొరుకుతాయి. 1993 నాటి అసలు మిక్స్ (గొంతుకీ వాద్యాలకీ పాళ్లు కుదిర్చిన తీరు) ఒకటి. 2004లో వచ్చిన ఎక్స్‌పాండెడ్ ఎడిషన్‌లో అసలు పాటలతో పాటు మూడు పాటల రీమిక్సులు, సినిక్ విడిపోయాక ఆ సభ్యులే నడిపిన పోర్టల్ బ్యాండ్ పాటలు మూడు ఉంటాయి. 2023లో ‘రీఫోకస్’ పేరుతో ఆల్బమ్ మొత్తాన్నీ మళ్లీ మిక్స్ చేసి వదిలారు. రైనర్ట్, మలోన్ ఇద్దరూ 2020లో చనిపోయారు. ‘రీఫోకస్’లో వినిపించేది వాళ్ల పాత వాయింపే, కొత్తగా వాయించింది కాదు.

రీమాస్టర్, రీమిక్స్ ఒకటే అనుకోకండి. రీమాస్టర్ అంటే తయారైన పాట మొత్తం మీద పైపై సర్దుబాటు. రీమిక్స్ అంటే బేస్‌ని విడిగా పెంచొచ్చు, గొంతుని వెనక్కి నెట్టొచ్చు, డ్రమ్స్ తీరే మార్చొచ్చు. అందుకని మొదటిసారి 1993 మిక్సే వినండి. గిటార్లు ఇప్పటి మెటల్ ఆల్బమ్‌లతో పోలిస్తే పలచగా ఉంటాయి, నిజమే. ఆ పలచదనం వల్లే మధ్యలో బేస్‌కి చోటు దొరికింది. ఒకటికి నాలుగుసార్లు విన్నాక ‘రీఫోకస్’కి వెళ్తే ఏది మారిందో మీకే తెలుస్తుంది. రెండిటినీ పోల్చేటప్పుడు వాల్యూమ్ చెవికి సమానంగా సర్దుకోండి. కొంచెం ఎక్కువ సౌండ్‌తో మోగేదే బాగుందని చెవి ఇట్టే మోసపోతుంది.

ఎక్స్‌పాండెడ్ ఎడిషన్ దొరికితే ఎనిమిదో పాట కాగానే ఆపండి. బోనస్ పాటలు వెంటనే మొదలైతే ముగింపు పాడవుతుంది.

ఫోన్‌లో సరిచేయాల్సినవి

బేస్ బూస్ట్ తీసేయండి. బేస్ కోసమే కదా బూస్ట్ అని అడగొచ్చు. అది పెంచేది సాధారణంగా 60 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర, అంటే కిక్ డ్రమ్ దమ్ములు. బేస్ గిటార్ ఏ స్వరం వాయిస్తోందో, ఎలా జారుతోందో చెవికి చెప్పేది దానికి చాలా పైన, 500 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య ఉండే భాగం. కింద బురద పెంచితే పైన ఉన్నది మునిగిపోతుంది. మలోన్ వాయించేది ఫ్రెట్‌లెస్ బేస్. మెట్లు ఉండవు కాబట్టి స్వరం నుంచి స్వరానికి వీణ మీద జారు లాగా జారగలదు. ఆ జారు వినపడకపోతే ఈ ఆల్బమ్‌లో పావు వంతు పోయినట్టే.

డాల్బీ, త్రీడీ సౌండ్ లాంటివి కూడా ఆపండి. షఫుల్ వద్దు, ఒక పాట చివరని తర్వాతి పాటలోకి కలిపేసే క్రాస్‌ఫేడ్ కూడా వద్దు. యాప్‌లో స్ట్రీమింగ్ క్వాలిటీ ఉన్నంతలో ఎక్కువ పెట్టుకోండి. వైర్ ఇయర్‌ఫోన్స్ మామూలువైనా చాలు. లాప్‌టాప్ స్పీకర్లు మాత్రం వద్దు, అందులో బేస్ వినపడదు. కారూ వద్దు, రోడ్డు రొద మెత్తటి భాగాల్ని మింగేస్తుంది. మీరు వాల్యూమ్ పెంచుతారు, మరుక్షణం గిటార్లు వచ్చి చెవులు పగలగొడతాయి. చెవుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట: పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గుతాయి.

మొదట ఏ పాట

వరసగా మొదటి పాటతో మొదలుపెట్టకండి. ఇది చాలామంది అభిమానులకి రుచించని సలహా, అయినా కొత్తవాళ్లకి ఇదే మేలు. ముందు ఏడో పాట ‘టెక్స్చర్స్’. ఇందులో గొంతు లేదు, అంతా వాద్యమే. గ్రౌల్ గొడవ లేకుండా వీళ్ల నడక ఏమిటో తెలుస్తుంది, మలోన్ బేస్ కూడా బాగా ముందుకొస్తుంది. మలోన్ ఈ ఆల్బమ్‌లో చాప్‌మన్ స్టిక్ కూడా వాయించాడు. అది మామూలుగా పది తీగలుండే వాద్యం. రెండు చేతుల వేళ్లతో తీగల్ని తడుతూ వాయిస్తారు, కాబట్టి ఒకే మనిషి కింద బేస్, పైన స్వరాలు ఒకేసారి పలికించగలడు.

తర్వాత నాలుగోది ‘సెంటిమెంట్’. ఆల్బమ్‌లో మెత్తగా నడిచేవాటిలో ఇదొకటి. ఆ తర్వాత వెంటనే ఆరోది ‘యూరోబోరిక్ ఫామ్స్’. ఇది 1991 డెమో (నమూనా రికార్డింగ్) నుంచే ఉన్న పాట, ఎనిమిదిట్లో అచ్చమైన డెత్ మెటల్‌కి బాగా దగ్గరిది. ఈ రెండూ పక్కపక్కన వింటే బ్యాండ్ చేతిలో ఉన్న రెండు కొసలూ తెలుస్తాయి. అప్పుడు మొదటి పాట ‘వీల్ ఆఫ్ మాయా’కి రండి. ఆ రెండు కొసలూ ఒకే పాటలో కొట్టుకోవడం, కలవడం వినిపిస్తుంది. ఇవి నాలుగూ అయ్యాక, ఇంకో రోజు, మొత్తం వరసలో వినండి.

డెత్ మెటల్ పాతకాపులకి ఈ క్రమం అక్కర్లేదు. మీరు ‘యూరోబోరిక్ ఫామ్స్’తో మొదలుపెట్టి వెనక్కి నడవండి.

ఒక్కో దఫా ఒక్కో వాద్యం

అన్నీ ఒకేసారి పట్టుకోబోతే గోల తప్ప ఏమీ మిగలదు. ఒక పాట తీసుకుని, ఒకసారి డ్రమ్స్ మాత్రమే వినండి. రైనర్ట్ కాళ్ల వేగం కాదు, చేతుల్ని గమనించండి: స్నేర్ (ఠప్‌మని మోగే డ్రమ్) మీద పెద్ద దెబ్బల మధ్య వేలితో తట్టినంత మెల్లగా పడే చిన్న దెబ్బలు, రైడ్ సింబల్ (పెద్ద లోహపు పళ్లెం) అంచు మీద ఒక రకం, గుబ్బ మీద ఇంకో రకం మోత. ఇది జాజ్ డ్రమ్మర్ల అలవాటు. మామూలు డెత్ మెటల్‌లో ఆ చిన్న దెబ్బలకి తీరిక ఉండదు. రెండోసారి బేస్. మూడోసారి గిటార్లు: ఒకటి ఎడమ చెవిలో, ఒకటి కుడి చెవిలో ఎప్పుడు ఒకే మాట అంటున్నాయి, ఎప్పుడు విడిపోతున్నాయి చూడండి. నాలుగోసారి గొంతులు.

గ్రౌల్‌లో రాగం వెతకడమే కొత్తవాళ్లు చేసే పొరపాటు. అందులో స్వరం దాదాపు ఉండదు. దాన్ని లయవాద్యంగా వినండి: అక్షరం ఎక్కడ పడుతోంది, స్నేర్ మీదా, దానికి ముందా? మాటలు అర్థం కాకపోతే మీ ఇంగ్లిషుని తిట్టుకోవద్దు, ఇంగ్లిషే మాతృభాష అయినవాళ్లకీ అర్థం కావు. సాహిత్యం కాగితం చేతిలో పెట్టుకోండి.

వోకోడర్ సంగతి వేరు. అందులో గొంతు ఇచ్చేది అక్షరాల ఆకారం మాత్రమే, శ్రుతి వచ్చేది సింథసైజర్ నుంచి. కాబట్టి మాస్విడాల్ గొంతులో వణుకు, గమకం, ఆయాసం ఏవీ వినపడవు. భావం లేదనిపించేది అందుకే. ఇప్పటి పాటల్లో వినే ఆటోట్యూన్ ఇది కాదు. అక్కడ పాడిన గొంతునే దగ్గర్లోని స్వరానికి లాగుతారు, ఇక్కడ గొంతుకి వాద్యాన్ని తొడుగుతారు. యంత్రం తొడగని మనిషి గొంతేమో మృగంలా అరుస్తుంటే, తాత్వికమైన మాటలు యంత్రంలోంచి వస్తుంటాయి. ఆ తలకిందుల అమరిక ఒకసారి పట్టుబడితే చిరాకు పోయి ఆసక్తి మొదలవుతుంది.

లెక్క తప్పినప్పుడు తాళం వేయండి

ఇక్కడ తెలుగువాళ్లకి ఒక సౌలభ్యం ఉంది. వన్, టూ, త్రీ అని లెక్కపెట్టడం కంటే సొల్లుకట్టుతో (తకధిమి లాంటి తాళపు అక్షరాలతో) ఈ పాటలు తేలిగ్గా లొంగుతాయి. ముందు గిటార్ పదబంధం ఒకటి తీసుకుని గొంతులో కూనిరాగంగా తీయండి, మళ్లీ మొదటికి ఎక్కడ వస్తోందో పట్టుకోండి. అదే మీ ఆవర్తం. దానిమీద తకధిమి తకధిమి అని ఎనిమిది వేయండి. పదబంధం మీకంటే ముందే మొదటికి వచ్చేస్తే ఒక అక్షరం కోసి తకిట తకధిమి అనండి, ఏడు, మన మిశ్రచాపు. ఇంకా చిన్నదైతే తక తకిట, ఐదు, ఖండచాపు. పెద్దదైతే తకధిమి తక తకిట, తొమ్మిది. నోరు తిరగనంత వేగం అవసరమవుతోందంటే మీరు రెట్టింపు కాలంలో అంటున్నారు, సగానికి తగ్గించండి. వీఎల్‌సీలో వేగం 0.75కి పెట్టుకుంటే శ్రుతి మారకుండా పాట నెమ్మదిస్తుంది.

ఎక్కువగా తప్పు జరిగేది స్నేర్‌ని చూసి సమం (ఆవర్తం మొదలయ్యే చోటు) ఇదే అనుకోవడం దగ్గర. ఈ తరహా సంగీతంలో గిటార్లు ఏడులో తిరుగుతుంటే స్నేర్ నిమ్మళంగా నాలుగులోనే పడుతుండటం మామూలే. అప్పుడు ఇద్దరూ 28 అక్షరాల తర్వాత గానీ సమంలో కలవరు. కాబట్టి లెక్క ఎప్పుడూ గిటార్ పదబంధం మీద వేయండి, డ్రమ్స్ దాంతో ఎక్కడ కలుస్తాయో తర్వాత చూడండి. ప్రతిసారీ ఏడే వస్తుందన్న హామీ కూడా లేదు, ఒక ఆవర్తం ఏడు, తర్వాతది ఎనిమిది కావచ్చు. లెక్క చెడితే ఆపి పదబంధం మొదటికి వెళ్లండి. మధ్యలో అందుకోబోతే అస్సలు కుదరదు.

తాళం కుదిరిందని ఇందులో రాగాలు వెతకొద్దు. ‘వీల్ ఆఫ్ మాయా’ పేరులోని మాయ మన వేదాంతం మాయే, ‘మాయ తెర’ అన్న మాటని పడమటి దేశాల్లో ప్రచారంలోకి తెచ్చింది జర్మన్ తత్వవేత్త షోపెన్‌హవర్. కానీ స్వరాల కలయిక మాత్రం జాజ్ ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిసిన సంగీతం) నుంచి వచ్చింది: అలన్ హోల్డ్స్‌వర్త్ గిటార్, మహావిష్ణు ఆర్కెస్ట్రా. ఆ ఆర్కెస్ట్రా పెట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్‌తోనే తర్వాత మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ ‘రిమెంబర్ శక్తి’లో వాయించాడు. అవి విన్న చెవికి ‘ఫోకస్’లోని మెత్తటి భాగాలు పరాయిగా అనిపించవు.

ఇప్పుడు అతుకుల దగ్గరికి రండి. మొత్తం ఆల్బమ్ వింటూ, కరుకుగా ఉన్న గిటార్ శుభ్రమైన గిటార్‌గా మారిన ప్రతిచోటా పెన్సిల్‌తో సమయం రాసుకోండి. తర్వాత ఒక్కోచోటికీ పది సెకన్లు వెనక్కి వెళ్లి వినండి. అడగాల్సింది ఒకటే: మారేటప్పుడు ఏ వాద్యం మారకుండా నిలబడింది? కొన్నిచోట్ల రైడ్ సింబల్, కొన్నిచోట్ల బేస్ ఆ పక్కనుంచి ఈ పక్కకి చేయి పట్టుకుని నడిపిస్తాయి. ఏదీ నిలబడకుండా ఠక్కున తెగిపోయే చోట్లు కూడా ఉంటాయి, అవి సరిగా కుదరలేదని మీకనిపిస్తే అనిపించనివ్వండి. ఆఖరి పాట ‘హౌ కుడ్ ఐ’ చివర వచ్చే సుదీర్ఘమైన గిటార్ సోలో దగ్గర మాత్రం ఏమీ రాసుకోవద్దు.

ఆ తర్వాత ఎటు వెళ్లాలంటే, బరువు కావాలంటే ‘హ్యూమన్’. ఇంకా మెలికలు కావాలంటే ఎథీస్ట్ బ్యాండ్ ఆల్బమ్ ‘అన్‌క్వెశ్చనబుల్ ప్రెజెన్స్’ (1991), అందులో బేస్ వాయించిన టోనీ చాయ్ సినిక్‌లో మలోన్‌కి ముందున్నవాడే. ఈ రెండూ మోరిసౌండ్‌లో బర్న్స్ చేతిమీదుగా వచ్చినవే, కాబట్టి గదీ ఇంజనీరూ మారకుండా బ్యాండ్ మారితే ఏమవుతుందో పోల్చి చూడొచ్చు. సినిక్‌ మళ్లీ కలిశాక చేసిన ‘ట్రేస్డ్ ఇన్ ఎయిర్’ (2008)ని ఆఖరికి ఉంచుకోండి. అందులో అతుకులు చాలావరకు నున్నగా అయిపోయాయి, ముందే వింటే ‘ఫోకస్’ గరుకుగా తోస్తుంది.